బావమరిది పన్నుకు అతికిన మొన

పోయిన వారం సూదిని నీలం దీపం ముందు నోరు తెరిచి కూర్చోబెట్టి వదిలేశాం. ఇంకా అలాగే ఉంది. ముందు ఆమెను లేపాలి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు ముక్కలు. సూది అసలు పేరు కాదు. మ్యూజియం వెనక గదిలో మట్టిని జల్లెడ పట్టి, అందులో దొరికే గింజంత పళ్ళను సూదిమొనతో ఏరి, ఏది ఏ డైనోసారుదో తేల్చడం ఆమె పని. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది. మాటలోనూ ఉంటుంది. ఆ గదికి పెద్ద ఆమె మేనత్త భర్త. అందరూ ఆయన్ను మాస్టారంటారు. ముప్పై ఏళ్ళ కిందట తొమ్మిది మిల్లీమీటర్ల పన్ను ఒకటి చూసి, ఇది లోకం ఎరగని జంతువుదని ఆయన ప్రకటించాడు. రెండు కాళ్ళ మీద పరిగెత్తుతూ మాంసం తినే చిన్న డైనోసారు. బాతుకు పెద్ద, మేకకు చిన్న. రాతిలోంచి ఆ పన్నును తొలిచి శుభ్రం చేసి ఇచ్చింది ఆయన బావమరిది. అంటే సూది తండ్రి. ఆయన పళ్ళ డాక్టరు. మాస్టారు కృతజ్ఞత కొద్దీ ఆ జంతువుకు బావమరిది పేరు తగిలించాడు. పుస్తకాల్లో ఉన్న పేరు పలకాలంటే నోరు తిరగదు. అందుకని వెనక గదిలో అందరూ దాన్ని 'బావమరిది' అనే పిలుస్తారు.

చిక్కేమిటంటే, ముప్పై ఏళ్ళలో రెండో బావమరిది పన్ను దొరకలేదు. దాన్ని వెతకడానికే సూది థీసిస్ మొదలుపెట్టింది. నాలుగేళ్ళలో పదకొండు వేల పళ్ళు చూసింది. ఒక్కటీ కాదు. చివరి పేజీలో 'బావమరిది చాలా అరుదైన జంతువు' అని రాసుకుంది. అది ఈ రోజు సాయంత్రం నాలుగింటికి బైండింగుకు వెళ్ళాలి. ఆలోగా మాస్టారు సంతకం పెట్టాలి.

నిన్న మొదటి పేజీలో బొమ్మ కోసమని అసలు పన్నును బీరువాలోంచి తీసి, ఈ నెలే కొన్న నీలం దీపం కింద పెట్టింది. పన్ను నల్లగా ఉండిపోయింది. మొన దగ్గర మాత్రం వెంట్రుకంత గీత, మొన అంచులూ తెల్లగా వెలిగాయి. ఆ వెలుగు ఏమిటో ఆ గదిలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగింది. పుచ్చిపళ్ళు పూడ్చే సిమెంటు అది. వాళ్ళ నాన్నది.

ఇక ముందుకు వెళ్దాం.

ఉదయం పదింటికి సూది క్లినిక్కులోకి వెళ్ళింది. కుర్చీలో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. దవడల్లో దూది ముద్దలు. మామూలుగా ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. పళ్ళ డాక్టరు తెరిపించే ఆ పని సాధించాడు.

"రా తల్లీ. సంతకం అయిందా?" అన్నాడు డాక్టరు తల ఎత్తకుండానే.

"కాలేదు."

"మీ మామయ్య అంతే. పెళ్ళి శుభలేఖ అచ్చుకిచ్చేటప్పుడు కూడా రెండు రోజులు తప్పులు దిద్దాడు. ముహూర్తం దాటిపోతుందని మా అక్క లాక్కుంది."

కుర్చీలో మనిషి నవ్వబోయాడు. వీలు కాలేదు.

"నాన్నా, ఈ తెల్ల సిమెంటు ఎప్పటినుంచి వాడుతున్నావు?"

"కొట్టు తెరిచిన రోజు నుంచి. ఈ ఊళ్ళో మొదట తెప్పించింది నేనే." డాక్టరు కుర్చీలో మనిషి వైపు వంగాడు. "మీకూ అదే పెడుతున్నానండి. పెడితే రాయే. మీరు పోయినా అది ఉంటుంది."

కుర్చీలో మనిషికి ఆ మాట అంతగా రుచించినట్టు లేదు.

"నిజమే," అంది సూది. "ముప్పై ఏళ్ళయినా చెక్కుచెదరలేదు."

ఫోను తీసి ఫోటో ఆయన కళ్ళ ముందు పెట్టింది. నల్లటి పన్ను, దాని మొన దగ్గర తెల్లటి గీత. డాక్టరు చేతిలో తిరుగుతున్న మిషను ఆగింది.

"ఎవరిదమ్మా ఇది?"

"నీదే. నీ పేరున్నది."

"ఫోటోలో ఏదో మచ్చ పడింది."

"మచ్చయితే నీలం దీపం కింద వెలగదు."

"ఆ రోజుల్లో రాళ్ళు అలాగే ఉండేవి. అయినా మొన విరగడం ఏ పన్నుకైనా మామూలే. కోట్ల ఏళ్ళ నాటిది."

"మొన విరిగిందని నేను అనలేదు నాన్నా."

గుమ్మడికాయల దొంగ అనకముందే డాక్టరు భుజాలు తడుముకున్నాడు. కుర్చీలో మనిషి గొంతులోంచి "ఊఁ" అన్నాడు. ఊరి పెద్దలు తీర్పు చెప్పే ముందు అలా అంటారు.

"మీరు నోరు తెరవండి," అన్నాడు డాక్టరు.

తెరిచే ఉంది.

"నాన్నా, ఒక్కటి చెప్పు. మొన ఎలా పడింది, నువ్వు ఎలా పెట్టావు?"

డాక్టరు గ్లవుజులు తీసి కడుక్కునే చోట పెట్టి, చక్రాల స్టూలు మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. రోజూ ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి. తన నోరు తెరవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"అప్పుడు కొట్టు పెట్టి నెలే అయింది. రోగులు లేరు. మీ అత్తకు కొత్తగా పెళ్ళయింది. బావ ఒక రాయి తెచ్చాడు, పిడికిలంత. ఇందులో పన్ను ఉంది, నీ దగ్గర సన్న డ్రిల్లులున్నాయి కదా, తీసిపెట్టరా అన్నాడు. రెండు రోజులు తొలిచాను. అంతా బయటికి వచ్చింది. ఆఖర్న కాస్త మట్టి ఉంది. ఒక్క తాకుడు తాకాను. మొన టక్కున ఎగిరిపోయింది."

"ఎక్కడికి?"

"ఎక్కడికో తెలిస్తే కథే లేదు. రెండు గంటలు నేల మీద మోకాళ్ళతో తిరిగాను. చివరికి బల్ల కింద దొరికింది. తుడిచి అతికించాను. బాగానే కుదిరిందనుకున్నాను. ఎటు తిప్పి పెట్టానో చూసుకోలేదు. మనుషుల పళ్ళకు ముందూ వెనకా నాకు తెలుసు. దీనికి ఎవడికి తెలుసు?"

ఇక్కడ పాఠకులకు ఒక్క సంగతి తెలియాలి. ఈ జాతి పన్ను మొదలు దగ్గర నిటారుగా ఉంటుంది. వంపంతా మొనలోనే. మొన కొడవలిలా ఎటు వంగితే అది వెనక. పన్ను రెండు అంచులకూ రంపంలా నొక్కులుంటాయి. చుట్టాలందరికీ వెనక అంచు నొక్కులు ముతక, ముందు అంచు నొక్కులు సన్నం. బావమరిదికి ఒక్కడికే అది తారుమారు. వాడి గొప్పంతా అదే. ఆ గొప్ప మీదే మాస్టారు ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. మొన తిప్పి అతికిస్తే ముందు వెనకవుతుంది, వెనక ముందవుతుంది. లేని జంతువు పుట్టుకొస్తుంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పెద్దలంతా చూసి ఔనన్నారు.

"తిప్పి పెట్టావు నాన్నా, అందుకే అది కొత్త జంతువయింది. ఆ రోజే చెప్పచ్చు కదా."

"ఆ రోజు చెబితే తిట్టేవాడు. సరే, రెండు రోజులాగి చెబుదామనుకున్నా. వారానికే పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒరేయ్, ఇది కొత్తదిరా, ఎవడూ చూడనిదిరా, దీనికి నీ పేరు పెడుతున్నానురా అని నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. బావ నన్ను ఎత్తుకోవడం ఏమిటి, పెళ్ళిలో నాతో మాట్లాడనే లేదు. అక్క ఆ రోజు ఎంత నవ్విందో. ఇక ఎక్కడ చెప్పను?"

డ్రైవింగ్ స్కూలాయన తనంతట తానే దూది తీసి పక్కన పెట్టాడు.

"కష్టమేనండి," అన్నాడు.

"మీరు పడుకోండి."

"పడుకునే ఉన్నాను. కానీ కష్టమే. మా వాళ్ళకి గేరు తప్పు వేస్తే అప్పుడే చెప్పాలంటాను. నాలుగు మలుపులు తిరిగాక చెబితే ఏం లాభం?"

డాక్టరు ఆయన నోట్లో దూది మళ్ళీ కుక్కాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, స్టూలు మీదే జరుగుతూ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"తల్లీ, ఒక మాట. నీ థీసిస్‌లో ఏం రాశావు? అరుదు అని రాశావు. అందులో అబద్ధమేముంది? లేనిదానికన్నా అరుదైనది ఏముంటుంది చెప్పు?"

సూదికి నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఈ నవ్వుతోనే ఆయన ముప్పై ఏళ్ళుగా అందరి దగ్గరా గట్టెక్కుతున్నాడు.

"నాలుగేళ్ళు నాన్నా," అంది. "పదకొండు వేల పళ్ళు. రోజూ సాయంత్రం గడపలో అడుగు పెట్టేసరికి అడిగేవాడివి, ఇవాళ దొరికిందా తల్లీ అని. దొరకదని తెలిసి అడిగావు."

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"తిప్పి పెట్టానని తెలియదమ్మా. ఒట్టు. విరిగిందని తెలుసు, అతికించానని తెలుసు. దాని వల్లే అది కొత్త జంతువయిందని ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది. రోజూ అడిగింది ఆశతోనే. రెండోది దొరికితే నా మొదటిది నిజమవుతుందని."

"దొరకలేదు. సాయంత్రం నాలుగింటికి బైండింగు. ఆ పేజీ అలాగే వెళ్తే అబద్ధం నీది కాదు, నాది. నేను మామయ్యకి చెప్తున్నాను. నువ్వు వస్తే నువ్వే చెప్పు."

"నేను రాకపోతే?"

"నేను చెప్తాను. నా నోటి సంగతి నీకు తెలుసు."

తెలుసు. డాక్టరు లేచి కోటు విప్పాడు. డ్రైవింగ్ స్కూలాయన పన్ను పూడ్చడం అయ్యాకే. పని మధ్యలో వదిలిపెట్టే మనిషి కాదు. ఆ ఒక్క మంచి గుణం ఆయనకుంది. ఆయన లోపాలన్నీ రాస్తున్నప్పుడు ఇదీ రాయాలి.

మ్యూజియం వెనక గదికి ముందు వైపు నుంచి దారి లేదు. సైకిళ్ళు పెట్టే చోటు దాటి, నీళ్ళ గొట్టాల పక్కన ఇనప తలుపు తోసుకుని వెళ్ళాలి. లోపల రెండు పెద్ద తొట్లు, జల్లెడలు, కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద మూడు మైక్రోస్కోపులు. గోడ పొడవునా సన్నని సొరుగులు. ఒక్కో సొరుగులో వందేసి గుండుసూదులు, ఒక్కో గుండుసూది తల మీద జిగురుతో నిలబెట్టిన ఒక్కో పన్ను. వేరున్న పన్ను ఒక్కటీ ఉండదు. వేరు అరిగిపోయి, కింద కొత్త పన్ను తోస్తే, జంతువు బతికుండగానే రాల్చుకున్నవి. ఊడితే మళ్ళీ మొలిచేవి. పళ్ళ డాక్టరు ఎప్పుడొచ్చినా ఆ సొరుగులు చూసి నిట్టూర్చేవాడు. ఆ కాలంలో పుట్టి ఉంటే తన కొట్టుకు తాళమేనని.

ఈ రోజు సొరుగుల వైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని థీసిస్ చదువుతున్నాడు. చేతిలో ఎర్ర పెన్ను.

"రెండు వందల పన్నెండో పేజీలో కామా ఎక్కువైంది," అన్నాడు సూదితో. అప్పుడు తలుపు దగ్గర మనిషి కనిపించాడు. "ఏరా, పగటిపూట వచ్చావు. రోగులు మానేశారా?"

"బావా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"కూర్చో."

"కూర్చునే ఉన్నాను."

డాక్టరు చెప్పాడు. క్లినిక్కులో చెప్పినంత పొడుగ్గా చెప్పలేదు. విరిగింది, అతికించాను, తిప్పి అతికించాను. మూడు ముక్కలు. సూది ఫోను తీసి బల్ల మీద పెట్టింది. మాస్టారు కళ్ళద్దాలు కిందికి దించుకుని ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు జరిగింది?"

"శుభ్రం చేసిన రోజే."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"నువ్వు పోయాక."

"నేను ముందు పోతానని నీకెవరన్నారు?"

"నాకంటే ఆరేళ్ళు పెద్దవాడివి కదా బావా. ఆ లెక్కన."

మాస్టారు నవ్వలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడి నుంచి చూస్తే ముందు హాలు గోడ కనిపిస్తుంది. ఆ గోడ అవతల బావమరిది నిలువెత్తు బొమ్మ ఉంది. ఈకలు పెట్టి, రంగులు వేసి, నోరు తెరిపించి. బడి పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ నోట్లో ముప్పై ఆరు పళ్ళు చేయించి పెట్టారు. అన్నీ తిరగబడ్డ పళ్ళే.

ఇద్దరూ ఆయన వీపు చూస్తూ నిలబడ్డారు. డాక్టరు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు మాస్టారు వెనక్కి తిరగకుండానే. "నొక్కుల లెక్క చెప్పు."

"మిల్లీమీటరుకు ఒక అంచున ఐదు, రెండో అంచున ఎనిమిది."

"మొన తిప్పితే?"

"వెనక ఐదు. ముందు ఎనిమిది."

"అది ఎవరు?"

"కొడవలికాలు."

కొడవలికాలు ఆ మట్టిలో అన్నిటికన్నా ఎక్కువ దొరికే జంతువు. వీధికుక్క లాంటిది. ఎక్కడ జల్లెడ పెట్టినా దాని పన్నే.

"మన దగ్గర ఎన్ని ఉన్నాయి దానివి?"

"ఆరు వేల నాలుగు వందలు మామయ్యా."

"ఒకటి కలుపు," అన్నాడు మాస్టారు.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. థీసిస్ చివరి పేజీ తీశాడు. 'చాలా అరుదైన జంతువు' అన్న మాటల మీద ఎర్ర పెన్నుతో ఒక గీత గీశాడు. పక్కన రాశాడు. రాస్తూ పైకి చదివాడు.

"ఇటువంటి జంతువు లేదు. పన్ను కొడవలికాలుది. మొన విరిగి తిరగబడి అతికింది. గుర్తించకపోవడం నా తప్పు."

"తప్పు నాది కదా బావా."

"విరగ్గొట్టింది నువ్వు. నమ్మింది నేను. పుస్తకంలో నమ్మినవాడి పేరే వేస్తారు." కింద సంతకం పెట్టాడు. ఈసారి కామాలు చూసుకోలేదు. "తీసుకో అమ్మాయ్. నాలుగేళ్ళు ఊరికే పోలేదు. పదకొండు వేల పళ్ళు చూసి లేదన్నావు. అది కూడా తేల్చడమే."

సూదికి ఏం మాట్లాడాలో తోచలేదు. జీవితంలో అది మూడోసారో నాలుగోసారో.

"ఇక నీ సంగతి," అన్నాడు మాస్టారు బావమరిదితో. "చూస్తూ నిలబడతావేం? సరిగ్గా తిప్పి పెట్టిన పన్ను ఫోటో ఈ పేజీలో పడాలి. అతికించినవాడివి నువ్వే. ఊడదియ్యి."

"నేనా? మళ్ళీ విరిగితే?"

"ఇంకేం విరుగుతుంది, నా పరువా? అది ఇప్పుడే విరిగింది. కూర్చో."

డాక్టరు కూర్చున్నాడు. జేబులోంచి చిన్న తోలు సంచీ తీశాడు. అందులో పాచి గీకే కొక్కెం. ఎక్కడికి వెళ్ళినా అది ఆయన దగ్గరే ఉంటుంది. మైక్రోస్కోపులో కళ్ళు పెట్టాడు. పన్ను కనిపిస్తే చాలు, ఆయన చేతులకు వేరే మెదడుంటుంది. తెల్లటి పొడి ఉప్పు రాలినట్టు నల్లటి పలక మీద రాలసాగింది.

ఒంటిగంటకు అత్త అన్నం డబ్బాతో వచ్చింది. తలుపు తోసి చూసింది. మొగుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు మైక్రోస్కోపు మీద వంగి చెమటలు కక్కుతున్నాడు.

"ఏమయింది వీడికి?"

"మీ తమ్ముడు బావమరిదిని చంపేశాడు," అన్నాడు మాస్టారు.

సూది రెండు మాటల్లో సంగతి చెప్పింది. అత్త విని, డబ్బా బల్ల మీద పెట్టి, తమ్ముడి నెత్తి మీద మెల్లిగా ఒక్కటి మొట్టింది.

"ఒరేయ్, ముప్పై ఏళ్ళు నా తమ్ముడి పేరుతో డైనోసారుందని బస్సులో పక్క సీటు వాళ్ళక్కూడా చెప్పుకున్నాను కదరా."

"అక్కా, కదపకు. చెయ్యి అదురుతుంది."

"అప్పుడు అదిరిన చెయ్యికి ఇప్పుడు జాగ్రత్తలు." మొగుడి వైపు తిరిగింది. "మీరు బాగానే ఉన్నారా?"

"ఆకలిగా ఉంది."

"అయితే బాగానే ఉన్నారు."

టిక్‌మని చిన్న చప్పుడు. మొన ఊడి పలక మీద పడింది. డాక్టరు దాన్ని పట్టకారుతో పట్టుకుని, అంచుల మీద మందంగా అంటుకున్న సిమెంటు కూడా గీకడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళూ ఆ నునుపు చూసి మాస్టారు 'మొన అరిగింది' అని రాసుకున్నాడు. అరగలేదు. సిమెంటు పూత కింద నొక్కులు దాక్కున్నాయి.

గీకడం అయింది. మొనను సరైన వైపుకు తిప్పి, విరిగిన చోట ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు. ఇంకొంచెం తిప్పాడు. మూడోసారి ఆనించి, అలాగే పట్టుకుని చాలాసేపు కదలకుండా ఉండిపోయాడు.

"ఏమిటి?" అన్నాడు మాస్టారు.

"కాటు కలవట్లేదు బావా."

"ఇంకోసారి తిప్పు."

"ఎటు తిప్పినా కలవదు. రోజూ చేసే పని ఇది, నాకు తెలియదా? ఆ మొదలు విరిగిన చోట నలిపిన గొట్టంలా ఉంది. ఇది గుండ్రంగా ఉంది. అప్పుడు సందంతా సిమెంటుతో నింపేశాను, కుర్రతనం, కనిపించలేదు." డాక్టరు తల ఎత్తాడు. "ఈ మొన ఈ నోటిది కాదు."

సూది ఆయన్ను పక్కకు జరిపి మైక్రోస్కోపులో చూసింది. రెండు మిల్లీమీటర్ల మొన. ముందు అంచు నున్నగా ఉంది, ఒక్క నొక్కు లేదు. వెనక అంచున నాలుగే నాలుగు నొక్కులు. ఒక్కోటి కొడవలికాలు నొక్కులకు రెండింతలు. ఒక్కోటి కొక్కెంలా పైకి, మొన వైపు వంగి ఉంది. ఆమె పదకొండు వేల పళ్ళు చూసింది. ఇలాంటిది చూడలేదు.

"మామయ్యా," అంది. పక్కకు జరిగింది.

మాస్టారు చూశాడు. చూస్తూ చూస్తూ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు. అత్త కుర్చీ జరిపింది.

"నేను నీకిచ్చింది ఒక్క రాయి," అన్నాడు బావమరిదితో. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఈ మొన నీ బల్ల కింద దొరికింది. అంటే ఆ రాతిలోంచే వచ్చింది. అంటే అందులో రెండు పళ్ళున్నాయి. జ్ఞాపకం తెచ్చుకో. ఆ రాతిలో ఇంకేం ఉంది?"

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు.

"పన్ను ఒక్కటే బావా. ఇంకో పక్కన ఒక నల్ల ముక్క ఉండేది. చిక్కుడు గింజంత. కొస విరిగిపోయింది, పనికిరాదనుకున్నాను. నిగనిగలాడుతుంటే..."

"నిగనిగలాడుతుంటే?"

"అక్క ఆ రోజు కొట్టుకొచ్చింది. బాగుందిరా, ఇవ్వరా అంది. ఇచ్చేశాను."

ముగ్గురూ అత్త వైపు తిరిగారు. అత్త అన్నం డబ్బా మూత తీయబోతూ ఆగింది. ఎప్పుడూ ఎర్రగా ఉండే ముఖం తెల్లబోయింది.

"నన్నలా చూడకండి," అంది. "అది పన్నని అప్పుడు నాకెవరు చెప్పారు?"